ఓపికగల కేక్

మన వంటగది నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

వదినా,

ఫోన్ చేయొద్దన్నావు, చేయడం లేదు. ఉత్తరం రాయొద్దని మాత్రం అనలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు పిచ్చుక అని పేరు పెట్టింది నువ్వే. పిచ్చుకని నోరు మూసుకోమంటే రెక్కలతోనైనా చప్పుడు చేస్తుంది.

నువ్వు వెళ్ళి నెల దాటింది. తిరిగి వస్తావో, అక్కడే ఉండిపోతావో మూడు నెలలు ఆలోచించుకుని చెబుతానన్నావు. ఆ సంగతి నేనెత్తను. ఎత్తనని అన్నయ్యకి మాటిచ్చాను కూడా. ఇది కేక్ సంగతి.

ఇంకో నెలన్నరలో నాన్నకి డెబ్భై ఐదు నిండుతాయి. ఏం కావాలి నాన్నా అంటే, "కోడలు చేసే చీజ్‌కేక్" అన్నాడు. కోడలు ఇక్కడ లేదుగా అంటే, "కూతురుందిగా, దానికి రెండు చేతులున్నాయిగా" అన్నాడు. సరే, ముందే అలవాటు చేసుకుందామని అలమారా తలుపు లోపల నువ్వు అంటించిన చీటీ చూసి ఇవాళ పొద్దున మొదలుపెట్టాను.

ఎలా వచ్చిందంటావా? ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది. ఆ పగులులో నా చిటికెన వేలు పట్టింది. అంచులు ఎండిపోయి పొడి రాలుతున్నాయి. నాన్న చెంచాతో దాని మీద రెండుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. అన్నయ్య మాత్రం ఒక ముక్క పూర్తిగా తిని, ప్లేటు కడిగి బోర్లించి, ఆదివారమైనా ఎవరికో బదులు డ్యూటీకి వెళ్ళిపోయాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆయన సంగతి నీకు తెలిసిందే కదా.

నీ చీటీలో కొలతలే ఉన్నాయి, పద్ధతి లేదు. కాస్త వివరంగా రాయవా? నాన్న పరువు కాదు గానీ, నా పరువు పోయేట్టుంది.

నీ పిచ్చుక

*

మూడో అంతస్తు అద్దె గది,
గురువారం

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత మామయ్యగారి పళ్ళ మీద జాలిపడ్డాను. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటావు కాబట్టి ఇంటి నుంచే పేషెంట్లని తయారు చేస్తున్నావేమో!

పద్ధతి ఇదీ. పక్కన కొక్కెం ఉన్న గిన్నె ఉంది చూడు, అడుగు ఊడి వచ్చేది, అందులో కాగితం వెయ్యి. బిస్కెట్ల పొడిలో కరిగించిన వెన్న కలిపి గ్లాసు అడుగుతో గట్టిగా అదుము. క్రీమ్ చీజ్ గంట ముందే బయట పెట్టు. చల్లగా ఉంటే ఉండలు కడుతుంది. పంచదార వేసి కలుపు. గుడ్లు ఒక్కొక్కటే కొట్టి వెయ్యి, ఒకటి కలిశాకే ఇంకొకటి. ఆఖరున అరకప్పు గట్టి పెరుగు, నిమ్మతొక్క తురుము. ఓవెన్ నాబ్ మూడో గీత దగ్గర పెట్టు. గంటసేపు ఉంచు. కాస్త ఆలస్యమైనా కంగారు పడకు, ఈ కేక్ చాలా ఓపికగలది. నేను గంటన్నరకి తీసిన రోజులే ఎక్కువ. అయినా పైన వెంట్రుకవాసి గీత కూడా పడేది కాదు.

మీ అన్న ఎలా ఉన్నాడని నేను అడగను, నువ్వు చెప్పకు. ఇక్కడ నేను వెలిగించిన లైటు నేను ఆర్పేదాకా వెలుగుతోంది. చీర ఇస్త్రీ చేస్తూ పక్కింటావిడ పిలిస్తే ఒక్క నిమిషం బయటికెళ్ళి వచ్చాను. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది! ఇందులో ఎంత సుఖం ఉందో నీకు తెలియదు. అగ్నిమాపక శాఖలో ఇరవై ఏళ్ళుగా మంటలార్పే మనిషి, ఇంటికొచ్చాక కూడా అదే ఉద్యోగం చేస్తుంటే భార్య ఏం కావాలి చెప్పు? స్టవ్ మీద పాలు పెట్టి పక్కగదిలోకి వెళ్తే చాలు, స్టవ్ ఆర్పేసి ఉండేది. చివరికి నేనంటే నమ్మకం లేదనే కదా దాని అర్థం?

ఓవెన్ ఒక్కటే ఆయన ముట్టుకోలేదు. నాలుగేళ్ళ కిందట పెద్ద గొడవైతే, "ఓవెన్ జోలికి రాను" అని మాటిచ్చాడు. ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాడు. నిజం చెప్పనా, అందుకే మూడు నెలలు ఆలోచిస్తానన్నాను. అది కూడా లేకపోతే ఆ రోజే తేల్చేసి వచ్చేదాన్ని.

వదిన

*

మన వంటగది,
సోమవారం పొద్దున, ఆఫీసుకి వెళ్ళేలోపు

వదినా,

మళ్ళీ పగిలింది.

నువ్వు రాసింది రాసినట్టే చేశాను. గుడ్లు ఒక్కొక్కటే వేశాను. మూడో గీత దగ్గరే పెట్టాను. ఈసారి తేడా రాకూడదని ఓవెన్ ముందు స్టూలు వేసుకుని గంటసేపూ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. ముప్పావుగంట దాకా చంటిపిల్ల బుగ్గలా ఉంది. ఆ తర్వాత నా కళ్ళ ముందే పొంగింది, పొంగి పగిలింది. నేనేం చేయగలను, లోపలికి దూరి పట్టుకోగలనా?

అన్నయ్యకి నిన్న సెలవు. గుమ్మం దగ్గర నిలబడి ఓసారి నన్నూ, ఓసారి ఓవెన్‌నీ చూశాడు. "నువ్వు ఇక్కడే ఉంటావా?" అన్నాడు. ఉంటానన్నాను. "అయితే సరే" అని వెళ్ళి పడుకున్నాడు.

నేనొకటి అడుగుతాను, కోప్పడకు. చేయి తిరిగినవాళ్ళు వంట చెప్పేటప్పుడు ఒక్క ముక్క దాచుకుంటారంటారు. నువ్వు నా దగ్గర అలాంటిదేమైనా దాచావా?

పిచ్చుక

*

అద్దె గది,
శుక్రవారం

ఓ ఆడపడుచు గారూ,

దాచుకున్నానా? నేనా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస!

సరే, ఇవి చూసుకో. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేశావా? గుడ్లు వేశాక ఎక్కువ గిలక్కొట్టావా? గాలి ఎక్కితే పొంగుతుంది, పొంగింది దిగాల్సిందే. గిన్నె అంచుకి వెన్న రాశావా? ఓవెన్ తలుపు మధ్యలో తీసి చూశావా? నీకు ఆగలేని రోగం ఉంది కదా.

మొదట్లో నాకూ రెండు పగిలాయి. వరసగా రెండు ఆదివారాలు. మూడో ఆదివారానికి చేయి తిరిగింది. ఆ తర్వాత ఆ వంటగదిలో నాకు ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. నీకూ మూడోది బాగా వస్తుంది చూడు.

మామయ్యగారిని అడిగానని చెప్పు.

వదిన

*

మన వంటగది,
మంగళవారం

వదినా,

మూడోది పగిలింది, నాలుగోదీ పగిలింది. రెండు వారాలుగా ఇదే పని నాకు. గుడ్లు ముందే బయట పెట్టాను, అంచుకి వెన్న రాశాను, చేత్తో మెల్లగా కలిపాను. ముక్కలు ఆఫీసుకి తీసుకెళ్తుంటే మా డాక్టరుగారు, "అమ్మా, నువ్వు తెచ్చేది కేకా, మనకి ప్రకటనా?" అన్నారు. నాన్న అయితే ఆదివారం వచ్చిందంటే చాలు, ఆకలి లేదంటున్నాడు.

నాకేమీ అర్థం కావడం లేదు వదినా. ఓవెన్ అదే, గిన్నె అదే, చీటీ నీదే. నా చేతులు పాడైపోయాయా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఆ వంటగదిలో" ఒక్కటీ పగల్లేదని రాశావు. ఎప్పుడూ పగల్లేదని రాయలేదు. మరి అక్కడ? అక్కడ నువ్వు చీజ్‌కేక్ చేస్తున్నావా? చేస్తే ఎవరికోసం?

ఇంకొకటి. కేక్ ఓవెన్‌లో పెట్టాక నువ్వేం చేసేదానివి? అది నువ్వెక్కడా రాయలేదు.

పిచ్చుక

*

అద్దె గది,
ఆదివారం సాయంత్రం

పిచ్చుకా,

నీకు పళ్ళ డాక్టరు దగ్గర కాదు, పోలీసుల దగ్గర ఉద్యోగం ఇవ్వాల్సింది.

అవును, చేస్తున్నాను. మా గది కింద చిన్న కాఫీ షాపు ఉంది. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. తెల్ల జుట్టు, చేతికి పెద్ద గడియారం, ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. వచ్చిన కొత్తలో మాటల్లో నా చీజ్‌కేక్ గొప్ప చెప్పుకున్నాను. "అయితే మా షాపుకి చేసిపెట్టు, బాగుంటే వంటగది నీదే" అంది. పన్నెండేళ్ళు మీ ఇంట్లో వండాను, ఎవరూ వంటగది నాదే అనలేదు. ఆ మాటకి పొంగిపోయాను.

ఇప్పటికి ఏడు కేకులు చేశాను. ఏడూ పగిలాయి. నీకు చెప్పలేకపోయాను. ఇదిగో ఇలా చెయ్యి, అలా చెయ్యి అని నీకు పెద్ద పంతులమ్మలా రాస్తూ, ఇక్కడ నేను పగిలిన కేకుల మీద జామ్ పూసి కప్పుతున్నాను. పెద్దావిడ ఏమీ అనదు. గడియారం చూసుకుని, "పగిలిన కేక్‌ని గాజుపెట్టెలో పెట్టి అమ్మలేనమ్మా" అంటుంది, అంతే. వచ్చే నెల మొదటి శనివారం దాకా గడువిచ్చింది. ఆ రోజు ఆవిడ ముందు పగలని కేక్ పెడితే ఉద్యోగం ఖాయం. అప్పుడు ఈ గది ఏడాదికి మాట్లాడుకుంటాను. లేకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు.

చేతులు అవే కదే! కొలతలూ అవే. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే, అదీ నన్ను వదిలేసింది. లేకపోతే ఆ ఓవెన్‌లోనే ఏదైనా మహిమ ఉందా? నీకూ పగులుతోందంటే అదీ కాదాయె. నాకు పిచ్చెక్కేట్టుంది.

కేక్ లోపల పెట్టాక ఏం చేస్తానేమిటి? మేడమీదికి పోయి కుట్టుపని ఆవిడతో కబుర్లు చెప్పేదాన్ని. గంట అని వెళ్ళి గంటన్నరకి దిగేదాన్ని. వంటలో అదొక భాగమా, చీటీలో రాయడానికి? ఇక్కడ కబుర్లు చెప్పడానికి ఎవరున్నారు? ఓవెన్ ముందే కూర్చుంటున్నాను.

వదిన

*

మన ఇల్లు,
సోమవారం

వదినా,

నిన్న నువ్వు చేసినట్టే చేశాను. అంటే కేక్ లోపల పెట్టి మేడమీదికి వెళ్ళాను.

పగల్లేదు. అద్దంలా వచ్చింది. నాన్న రెండు ముక్కలు తిని, "ఆ, ఇదీ కోడలి కేక్" అన్నాడు.

ఎందుకు పగల్లేదో నాకు తెలిసింది. చెప్పాలా వద్దా అన్నది తెలియడం లేదు. నిన్నటి నుంచి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి. చెబితే ఒకరికి ద్రోహం, చెప్పకపోతే నీకు ద్రోహం. అసలు చెప్పడం వల్ల నీకు మంచి జరుగుతుందో చెడు జరుగుతుందో కూడా తేల్చుకోలేకపోతున్నాను. నాకు కొంచెం టైమివ్వు.

పిచ్చుక

*

అద్దె గది,
గురువారం

సగం చెప్పి ఆపడానికి ఇదేమైనా పొడుపుకథా? నాకు రెండు వారాలే ఉన్నాయి. నిన్న ఎనిమిదోది పగిలింది. ఈసారి పెద్దావిడ దాన్ని చూడకుండానే పక్కకి జరిపింది. పొద్దున మెట్లు దిగి ఆ వంటగదిలోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు.

నీకు ఆరేళ్ళ పరిచయమున్న స్నేహితురాలు ఎవరైనా ఇలా చేస్తే నువ్వు ఊరుకుంటావా? నేను నీకు పన్నెండేళ్ళుగా వదినని. నీకు జ్వరం వస్తే తడిగుడ్డ వేసిందాన్ని. ఎవరికి ద్రోహం అవుతుందో నాకనవసరం. చెప్పు.

*

మన ఇల్లు, మేడమెట్ల మీద కూర్చుని,
శనివారం

వదినా,

చెబుతున్నాను. చివరిదాకా చదువు. మధ్యలో చింపెయ్యకు.

ఆ ఆదివారం కేక్ లోపల పెట్టి, "అన్నయ్యా, మేడమీదికి వెళ్ళొస్తా" అని కేకేసి వెళ్ళాను. కుట్టుపని ఆవిడ నీ గురించే అడుగుతూ కూర్చోబెట్టింది. గోడ గడియారం చూసేసరికి గంట దాటిపోయింది. చెప్పులు అక్కడే వదిలేసి ఉత్తకాళ్ళతో పరుగెత్తుకొచ్చాను. చప్పుడు లేకుండా దిగడం వల్లే ఇదంతా బయటపడింది.

వంటగదిలో ఓవెన్ ఆర్పేసి ఉంది. తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి ఉంది. ఎదురుగా స్టూలు మీద అన్నయ్య, మోకాళ్ళ మీద పేపరు. నన్ను చూసి దొంగలా లేచి నిలబడ్డాడు.

"ఏంటిది?" అన్నాను.

"మనిషి లేని గదిలో మంట ఉండకూడదే," అన్నాడు.

"వదిన చేసేటప్పుడు కూడా ఇంతేనా?"

గరిటె తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత చెప్పాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"మాటిచ్చాక రెండు ఆదివారాలు ముట్టుకోలేదు. మూడో ఆదివారం నావల్ల కాలేదు. తను మేడమీద, ఓవెన్ ఇక్కడ. ముప్పావుగంట ఓర్చుకున్నాను. చొక్కా అంతా చెమటే. నేను మంటలార్పడానికి వెళ్ళిన ఇళ్ళన్నీ, ఇప్పుడే వస్తానని బయటికెళ్ళినవాళ్ళ ఇళ్ళేనే. ఆర్పేశాను. లోపలి వేడి కూడా భయమేసి తలుపు సందులో గరిటె పెట్టాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే గరిటె తీసేసి, తలుపు మూసి, నాబ్ మళ్ళీ తిప్పేశాను. తను తీసి చూసి, 'పగల్లేదు, పగల్లేదు' అని చిన్నపిల్లలా గంతులేసింది. ఇక చెప్పలేకపోయాను. చెప్పకుండా ఉండలేక, చేయకుండా ఉండలేక..."

"నాలుగేళ్ళూనా?"

"నాలుగేళ్ళూ."

అదీ వదినా. నువ్వు ఓపిక కేక్‌ది అనుకున్నావు. ముప్పావుగంటకి ఆర్పేసి, సందు తెరిచిన తలుపు వెనక మెల్లగా చల్లారడం వల్ల పగల్లేదు. నేను ముందు కూర్చుంటే అన్నయ్య నిశ్చింతగా పడుకునేవాడు, గంట పూర్తిగా కాలి నా కేక్ పగిలేది. అక్కడ నీదీ అంతే.

నీకు చెప్పొద్దని బతిమాలాడు. ఆ ఒక్క మాట మీదే నీకు ఆయనంటే కాస్త గౌరవం మిగిలిందని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు, నువ్వే రాశావు. అందుకే వారం రోజులు ఆగాను.

ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇది తెలిస్తే నీ కేక్ కుదురుతుంది, ఉద్యోగం వస్తుంది, గది ఏడాదికి తీసుకుంటావు. తెలియకపోతే ఓడిపోయి ఇంటికి వస్తావు. నువ్వు రావాలని నాకెంత ఉందో! కానీ ఓడిపోయి వచ్చిన వదిన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. వద్దు, ఆ వదిన నాకొద్దు.

నన్ను తిట్టు. పడతాను.

నీ పిచ్చుక

*

అద్దె గది

పిచ్చుకా,

చదివాను. ఇప్పుడేమీ రాయలేను. నువ్వూ కొన్నాళ్ళు రాయకు. మామయ్యగారికి నా తరఫున పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పు.

*

మన వంటగది,
సోమవారం

వదినా,

రాయొద్దన్నావు, తొమ్మిది రోజులు ఆగాను. మొన్న శనివారం నాన్న పుట్టినరోజు అయింది. అది చెప్పడానికే రాశాననుకుని చదువు.

కేక్ నేనే చేశాను. ముప్పావుగంటకి నేనే ఆర్పాను, గరిటె కూడా నేనే పెట్టాను. అన్నయ్య వంటగదిలోకే రాలేదు. కేక్ బాగానే వచ్చింది. నాన్న తిని, "అన్నీ సరిపోయాయి, ఏదో తక్కువైంది" అన్నాడు. ఏంటి నాన్నా అంటే, ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీల వంక చూసి, "ఏమో, నాకు తెలియడం లేదు" అన్నాడు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉందని వేరే చెప్పాలా?

నీకు అంతా రాసేశానని అన్నయ్యకి చెప్పాను. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. "బాగా కోపం వచ్చుంటుంది" అన్నాడు. "రావాల్సిందే" అని కూడా ఆయనే అన్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి మళ్ళీ వచ్చాడు.

"సందు ఎంత ఉండాలో రాశావా?" అన్నాడు.

"గరిటె పెట్టాలని రాశాను."

"ఏ గరిటె? కాడ లావుగా ఉంటే వేడి ఒక్కసారిగా పోయి మధ్యలో కుంగుతుంది. పెన్సిల్ మందం చాలు. పై మూల దగ్గర పెట్టాలి, కింద కాదు. ఆర్పాక ముప్పావుగంట కదపకూడదు. ఇవన్నీ రాయి."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "అన్నయ్యా, ఉద్యోగం వస్తే వదిన అక్కడే ఉండిపోతుంది. తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాడు. "రాయి."

నా ఎదురుగా కూర్చుని, రాసేదాకా లేవలేదు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు. పెన్సిల్ మందం అన్న మాట కింద గీత గీయమంటున్నాడు. గీశాను.

ఇంతకంటే నాకు చెప్పడం రాదు. శనివారం నీ కేక్ పగలకూడదు. ఇదీ మా ఇద్దరి కోరిక. ఆ తర్వాత నీ ఇష్టం.

పిచ్చుక

*

కాఫీ షాపు వంటగది నుంచి,
సోమవారం

పిచ్చుకా,

పగల్లేదు.

ఇక్కడి గరిటె కాడ లావుగా ఉందని పెద్దావిడ లెక్కలు రాసుకునే పెన్సిలే తలుపు పై మూలలో పెట్టాను. పెద్దావిడ చెంచా కూడా ముట్టుకోకముందే గాజుపెట్టెలో పై అర ఖాళీ చేసింది. వంటగది తాళంచెవి నా చేతిలో పెట్టి, "మొదట ఎందుకు పగిలేవి, ఇప్పుడెందుకు పగల్లేదు?" అని అడిగింది. పెద్ద కథ అన్నాను. గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.

నీ పెద్ద ఉత్తరం వచ్చిన రోజు ఆ చెక్క గరిటె గనక నా చేతికి దొరికి ఉంటే విరిచి పొయ్యిలో పెట్టేదాన్ని. నాలుగేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేశాడు. మూడో కేక్‌తో చేయి తిరిగిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను. తిరిగింది నా చెయ్యి కాదు, నాబ్! సిగ్గుతో రెండు రోజులు అన్నం తినలేదు. మాట తప్పడమే కాక, నా చెప్పుల చప్పుడు విని మళ్ళీ నాబ్ తిప్పడం! దొంగకి కూడా ఇంత ఓపిక ఉండదు.

మూడో రోజు ఇంకో సంగతి తట్టింది. నేను మేడమీద కబుర్లు చెప్పుకుంటున్న ప్రతి ఆదివారం, సెలవు రోజున, ఒక మనిషి నా కేక్ ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. నేను గంతులేస్తుంటే పక్కన నిలబడి, అందులో తన వంతు ఉందని ఒక్కసారీ అనలేదు. దీన్ని ఏమనాలి? నమ్మకం లేకపోవడమా? ఇంకేదైనానా? నాకు నిజంగా తెలియడం లేదే. కోపం పోలేదు. కోపంతో పాటే ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది. మూడు నెలలు ఆలోచిస్తే తేలిపోతుందనుకున్నాను. వచ్చినప్పటి కంటే ఎక్కువ అయోమయంలో ఉన్నాను.

ఆ పెన్సిల్ మందం ఉత్తరం మాత్రం తలగడ కింద పెట్టుకున్నాను. నేను రాకుండా పోతానని తెలిసి రాయించాడు కదా.

ఉద్యోగం వదలను. గది ఏడాదికి తీసుకున్నాను. ఇది మీ అన్నకి చెప్పు. చెప్పి, దీని కింద రాసిందీ చదివి వినిపించు.

ఆదివారం షాపు మూసి ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే. పది గంటలకి కేక్ ఓవెన్‌లో పెట్టి, నేను మెట్లెక్కి నా గదికి వెళ్ళిపోతాను. వంటగది తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, గడియ పెట్టను. ఓవెన్ మండుతూనే ఉంటుంది, గదిలో మనిషి ఉండడు. గంటలో వస్తానంటాను. నా గంట ఎంతసేపో ఆయనకి తెలుసు. ఓవెన్ ముందు స్టూలు వేసే ఉంచుతాను, ఆ చెక్క గరిటె మాత్రం ఆయన్నే తెచ్చుకోమను.

ఒక్కటే షరతు. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు వినపడినప్పుడు ఏదీ తీయొద్దను, ఏదీ తిప్పొద్దను. నేను లోపలికి వచ్చేసరికి ఆ గరిటె తలుపులోనే ఉండాలి.

మీ వదిన